ఎదురొచ్చిన మనిషి

ఇంటిముందు అంబాసిడర్ కారు ఆగేసరికి నరసమ్మకు కాళ్లు నేల మీద నిలవలేదు.

మనవడి పుట్టువెంట్రుకలు శ్రీశైలంలో తీయిస్తానని ఎప్పుడో మొక్కుకుంది. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో కారు మాట్లాడుకుని పోయే మొదటి ఇల్లు తమదే. ఆ గొప్ప ఊరికే పోతుందా!

జొన్నరొట్టెలు మూటగట్టారు. చెనిక్కాయల పొడి డబ్బాలో కుక్కారు. పరుపుచుట్టను కారు పైన మగ్గం తాడుతో బిగించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు.

"పోదామా జిలానన్నా?" అన్నాడు కొడుకు తిమ్మప్ప.

ఆదోని నుంచి కారు తెచ్చిన డ్రైవరు జిలాని బాషా తాళం తిప్పాడు.

సరిగ్గా అప్పుడే ఎదురొచ్చింది ఒకామె. బోసి నుదురు. బోసి మెడ. బోసి చేతులు.

"ఓయమ్మో! శుభమా అని పోతాంటే ముండమోపి ఎదురొచ్చె!" నరసమ్మ గుండెలు బాదుకుంది.

ఆమె కదల్లేదు. కారు ముందుకొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టింది.

"గూడూరు దోవన పోవద్దండి. వంక కాడ మోరీ కింద మన్నంతా కొట్టుకపోయింది. పైకి బాగనే కనపడతాది. బండెక్కితే కూలుతాది."

జిలాని నవ్వాడు. "నిన్న ఇంకో బాడిగకు పోయి దాని మీదనే వస్తి గదమ్మా! రోడ్డు పనామె ఎవరో చెయ్యి అడ్డం పెట్టె. ఎక్కించుకోమంటాందని నేను నిలపలే."

ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది.

అందరూ ఇంట్లోకి పోయి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి మళ్లీ వచ్చారు.

ఆమె అక్కడే ఉంది.

"పక్కకు పో!" అని అరిచాడు తిమ్మప్ప.

"పోను."

"కారెక్కిచ్చమంటావా?"

"ఎక్కిచ్చు. అందరూ వంకలో పడేదానికన్నా అదే మేలు."

నరసమ్మకు ఒళ్లు మండింది. కళ్లాపి బకెట్టు ఎత్తి ఆమె మీద కుమ్మరించింది.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకో బకెట్టుంటే అదీ పొయ్యి. నేను మాత్రం జరగను."

వీధంతా తిట్టింది. ఆమె జరగలేదు.

"చాల్లేరా! శకునం చెడింది. ఈ పొద్దు ప్రయాణం లేదు, దింపండి సామాను!" అంది నరసమ్మ. అడ్డం నిలబడినామె మాట ఎవరూ నమ్మలేదు, శకునాన్ని మాత్రం నమ్మారు.

పరుపుచుట్ట కిందికి దిగాకే ఆమె కారు ముందు నుంచి కదిలింది.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. వంక మీద రోడ్డు కూలి చెనిక్కాయల లారీ పడిపోయింది. డ్రైవరు కాలు విరిగి బయటపడ్డాడు.

నరసమ్మ మనవణ్ణి గట్టిగా కరుచుకుంది.

"ఎంతెంత మాటలంటిరా నాయనా! పదండి, వంక కాడికి పోయి ఆమెను చూడాల."

మగ్గం మీంచి దింపిన కొత్త చీర తీసుకుని కారెక్కింది.

వంక దగ్గర రోడ్డు సగం లేదు. తారు డ్రమ్ము పక్కన కాలికి పాత కట్టుతో ఉరుకుందు అనే రోడ్డు కూలీ ఎర్రగుడ్డ పట్టుకుని కూర్చున్నాడు.

"పొద్దున మా కారు ఆపినామె యాడుందప్పా?"

"ఆ పక్క బస్సులు ఆపను గూడూరికి పోయిందమ్మా. రేపటి నుంచి పని ఆ తట్టే. ఇంక ఈ పక్కకు రాదు."

నరసమ్మ చీర చాచింది. "పాపం, మొగుడు లేని మనిషి. నా మాటగా ఇయ్యప్పా."

అతడు చీర అందుకోలేదు. జేబులోంచి చిన్న గుడ్డ తీసి విప్పాడు. లోపల నల్లపూసలు, తాళిబొట్టు.

"నిన్న బొట్టు పెట్టుకోని నిలబడితే ఒక్క బండీ ఆగలేదు, అపశకునమైతేనన్నా ఆగుతారని గాజులు పగలగొట్టుకోని, నేను బతికుండంగనే ఇవి తీసి నా చేతిలో పెట్టి పోయిందమ్మా నా పెండ్లాము హులిగమ్మ."