సబ్బు వాసన

సబ్బు వాసన పోయిన రోజు అది. రెండోసారి కూడా అల్లుడు గడప దాటలేకపోయాడు.

"వాసన రావడం లేదు బాబూ. మళ్ళీ కడుక్కు రండి," అంది అత్తగారు.

గది గుమ్మానికి అడ్డంగా వేసుకున్న కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది. ఒంటికి చుట్టి కట్టుకున్న మెత్తటి పాత గుడ్డలో, ఆవిడ గుండెల మీద, బిడ్డ నిద్రపోతోంది. ఏడో నెలలోనే పుట్టిన బిడ్డ. ఒంటి వేడి తగులుతూ ఉండాలని ఆస్పత్రిలో అలా కట్టుకోవడం నేర్పి పంపారు. తల్లి స్నానానికి వెళ్ళినా, కాసేపు నడుం వాల్చినా అమ్మమ్మ కట్టుకుంటుంది. ఇవాళ తెల్లవారినప్పటి నుంచీ ఆవిడే.

"మోచేతుల దాకా కడిగాను అత్తయ్యా."

"కడిగితే వాసన వస్తుందిగా."

ఆవిడ పద్ధతి అది. చిన్నపిల్లల బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చేతులు కడుక్కున్నావా అంటే లేదన్న పిల్లాణ్ణి ఆవిడ ఇంతవరకూ చూడలేదు. అందుకే అడగదు. చేతులు ముక్కు దగ్గర పెట్టించుకుని వాసన చూస్తుంది. సబ్బు వాసన వస్తే లోపలికి, లేకపోతే తిరిగి పెరట్లోకి. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన మాస్కు ఆవిడ గడ్డం కింద వేలాడుతోంది. అది పైకి పెట్టుకుంటే వాసన తెలియదు మరి.

ఈ పరీక్ష తప్పించుకున్నవాళ్ళు లేరు. వియ్యపురాలైతే గుమ్మంలో ఒక్క తుమ్ము తుమ్మి, మనవరాలి మొహం చూడకుండానే బస్సెక్కింది.

"మీరు మా డిపోకి చెకింగుకొస్తే సగంమందికి ఉద్యోగాలుండవు," అన్నాడు అల్లుడు. అతను బస్సు కండక్టరు.

ఆవిడ నవ్వలేదు. "మీ బస్సులో దగ్గేవాళ్ళెంతమంది బాబూ?"

"దగ్గేవాళ్ళంతా నా మొహం మీదే దగ్గుతారు. అందుకేగా ఇన్నాళ్ళూ వసారాలో పడుకున్నాను. ఇవాళ సెలవు. స్నానం చేశాను, ఉతికిన బట్టలు వేసుకున్నాను. ఒక్కసారి ఎత్తుకుని ఇచ్చేస్తాను."

"ఆస్పత్రిలో మన పక్క మంచం బిడ్డ గుర్తుందా?"

గుర్తుంది. ఇంటికి వెళ్ళిన వారం తిరక్కుండా జలుబుతో తిరిగొచ్చింది. ఎవరి దగ్గర అంటుకుందో చివరిదాకా తేలలేదు. ఆ తల్లి వెళ్ళిపోయేటప్పుడు చేతిలో బట్టల సంచి ఒక్కటే ఉంది.

అల్లుడు మళ్ళీ పెరట్లోకి నడిచాడు. ఈసారి చాలాసేపు కుళాయి చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి, వంగి, తడి చేతులు రెండూ ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని దీర్ఘంగా ఊపిరి పీల్చింది.

"లేదు."

"సగం సబ్బు అరగదీశాను అత్తయ్యా."

"బళ్ళో ప్రతి పిల్లాడూ నాకు చెప్పిన మాటే ఇది."

అతని మొహం ఎర్రబడింది. "నేను మూడో తరగతి పిల్లాణ్ణి కాదు. దాని తండ్రిని. మా అమ్మను పంపించేశారు, ఊరుకున్నాను. నేను ముట్టుకోవడం మీకిష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకండి."

"మెల్లగా. ఉలిక్కిపడుతుంది." ఆవిడ గుడ్డను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "నాకు మాత్రం సరదానా బాబూ? నిద్ర లేక ఒళ్ళంతా బరువుగా ఉంది. మీ ఆవిడ ఇచ్చిన కాఫీ చూస్తే ఉత్త వేణ్ణీళ్ళు తాగినట్టుంది. అయినా ఇక్కణ్ణించి లేచానా?"

పెరటి చివర స్నానాలగదిలోంచి కూతురు కేకేసింది. "అమ్మా, పాలపీకలు మరగడానికి గిన్నె పొయ్యి మీద పెట్టొచ్చాను. దించావా? మాడు కంపు ఇక్కడిదాకా కొడుతోంది."

"మాడితే నాకు తెలియదూ? వంటింటి పక్కనేగా కూర్చున్నాను," అంది ఆవిడ గొంతు పెంచకుండా. తర్వాత అల్లుడితో, "ఏ కంపూ లేదని చెప్పండి. తల తడిగా ఉండగా పరిగెత్తుకొస్తుంది," అంది.

కోపంలో అంతసేపూ పట్టించుకోని కంపు అప్పుడు తగిలింది అతనికి. ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలో నీళ్ళు ఎప్పుడో ఇగిరిపోయాయి. పాలపీకలు కరిగి, అడుగుకు నల్లగా అంటుకుని పొగలొస్తున్నాయి. పొయ్యి ఆర్పాడు. కళ్ళు మండాయి.

వంటింటి గుమ్మంలోంచి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది కుర్చీ. ఆవిడ వంగి, బిడ్డ నెత్తికి మొహం ఆనించి, నిశ్చింతగా ఊపిరి తీసుకుంటోంది.

అతను పెరట్లోంచి సబ్బు తెచ్చాడు. ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏమిటిది?"

"వాసన చూడండి అత్తయ్యా."

ఆవిడ చూసింది. మళ్ళీ చూసింది. ఆ తర్వాత ఊపిరి పీల్చలేదు. గడ్డం కిందున్న మాస్కును ముక్కు మీదికి లాక్కుని, మొహం గోడవైపు తిప్పుకుంది. పొద్దుటి నుంచీ ఆ ఊపిరి పడినచోట, బిడ్డ నడినెత్తి మెత్తగా కొట్టుకుంటోంది.

"మీరే తీసుకోండి బాబూ," అంది గోడతో చెబుతున్నట్టు. "మీ చేతులు శుభ్రంగా ఉన్నాయి."

అతను కుర్చీ వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బిడ్డ జారిపోకూడదని ఆవిడ బలమంతా పెట్టి బిగించిన ముడి అది. సబ్బు జిగురు వదలని అతని వేళ్ళకు ఇంకా ఊడి రాలేదు.