సగం బిస్కెట్టు

బ్లెస్సీ చేతిలోని బిస్కెట్టును సవరమ్మ గద్దలా తన్నుకుపోయింది.

"ఒక్కటే కదమ్మా. మా క్లాసు లిఖిత ఇచ్చింది."

"లిఖితకేంది? దానికి ఇనుము తిన్నా అరుగుతది. నీకది విషం."

సగం కొరికిన బిస్కెట్టు. పారేయడానికి చెయ్యి రాక, అలవాటుగా తన నోట్లో వేసుకుంది సవరమ్మ. కూతురు వదిలేసినవన్నీ చేరేది అక్కడికే.

పినపాకలోని ఆ ఇంట్లోకి ఈ గోల ఖమ్మం నుంచి వచ్చిన ఒక్క ఫోనుతో దిగింది. సవరమ్మ అక్క ప్రమీలారాణి కూతురు జెస్సికా ఏం తిన్నా ఒంటికి పట్టక పుల్లలా అయిపోయింది. చివరికి డాక్టర్లు సీలియాక్ అని తేల్చారు. గోధుమలో ఉండే గ్లూటెన్ ఆ పిల్ల పేగులకు పడదట. చపాతీ, రవ్వ, మైదా, బిస్కెట్టు ఏదీ ముట్టకూడదట.

"వంశంలో వస్తదంటనే. రక్తసంబంధం ఉన్నోళ్లందరూ చూపించుకోవాలన్నరు," అంది ప్రమీలారాణి.

అందరూ అంటే సవరమ్మకు ఒక్క బ్లెస్సీయే.

ఫోను పెట్టేసి పిల్లను వెతికి పట్టుకుంది. పక్కటెముకలు తడిమింది. కంటి రెప్పలు కిందికి లాగి చూసింది. జుట్టు పలచబడినట్టే ఉంది. పోయిన ఏడాది బడి వాళ్లు పర్ణశాల తీసుకుపోయి వచ్చాక విరేచనాలు కాలేదూ?

"పిల్ల దిట్టంగ ఉన్నది గదనే," అన్నాడు భర్త సుకుమార్. బొగ్గు టిప్పరు దిగి వచ్చి ఇంకా మొహమైనా కడుక్కోలేదు.

"జెస్సికా సుత ముందుగాల గట్లనే ఉండె."

ఆమె పోరు పడలేక సుకుమార్ మణుగూరులో ఒక ల్యాబ్‌కు చెప్పాడు. సూది పేరెత్తితే బ్లెస్సీ ఊరంతా వినేలా ఏడుస్తుంది. సూది అక్కర్లేదు, బుగ్గ లోపల దూదిపుల్ల రుద్దితే చాలు, జన్యువులో ఆ రోగం జాడ ఉందో లేదో తెలిసిపోతుందన్నారు వాళ్లు.

ల్యాబ్ మనిషి బండి మీద వచ్చి పుల్ల తీయగానే బ్లెస్సీ పళ్లు బిగబట్టింది. బతిమాలినా తెరవలేదు, గద్దించినా తెరవలేదు.

"జల్దీ కానియ్యక్కా. ఇంకా ఏడూళ్ల బయ్యారం పోవాలె."

"నువ్వుంటే అది నోరు తెరవదు తమ్మీ. బయట నిలబడు," అని పుల్ల అందుకుని, పిల్లను లోపలి గదిలోకి లాక్కుపోయింది సవరమ్మ. బయట హారన్ మోగింది. మళ్లీ మోగింది. కాసేపటికి చెమట తుడుచుకుంటూ వచ్చి, మూత బిగించిన గొట్టం అతని చేతిలో పెట్టింది.

"మంచిగ రుద్దినవా అక్కా?"

"అవ్."

రిపోర్టు వచ్చింది. జాడ ఉంది.

"ఉన్నంత మాత్రాన రోగం వచ్చినట్టు కాదంట. వచ్చేటందుకు వీలుందంట, గంతే," అని సుకుమార్ చదివి చెబుతూనే ఉన్నాడు. సవరమ్మ అప్పటికే వంటింట్లో డబ్బాలు కిందికి దించుతోంది.

ఆ రోజు నుంచి బ్లెస్సీకి మూడు పూటలా అన్నమే. ఉప్మా లేదు, సేమ్యా లేదు. సండే స్కూల్లో బన్నులు పంచుతుంటే సవరమ్మ తలుపు దగ్గర కాపలా కాసి, కూతురి వాటా తానే తీసుకునేది. ఇంట్లో మిగిలిన గోధుమపిండి, రవ్వ పారబోయడానికి మనసొప్పలేదు. తానొక్కతే వండుకు తిని అవగొట్టింది.

"నువ్వేందే గిట్ల ఎండిపోతున్నవ్? దవాఖానా వాళ్లిచ్చే రక్తం గోలీలు మింగుతనే ఉన్నవ్ గద," అన్నాడు సుకుమార్ ఒకరోజు.

"నా సంగతి ఇప్పటిదా? బిడ్డ బెంగ, గంతే."

క్రిస్మస్ దగ్గర పడింది. ఈసారి కేకు లేదన్నా బ్లెస్సీ ఏడవలేదు. సవరమ్మకు అక్కడే అనుమానం వచ్చింది. నిలదీస్తే బయటపడింది. రోజూ బడిలో లిఖిత డబ్బాలోంచి పూరీలు తింటోందట.

సవరమ్మ మర్నాడే పిల్లను భద్రాచలం బస్సెక్కించింది. గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ కళ్లు మూసుకుని ఒకటే ప్రార్థన. ప్రభువా, ఆ రోగమేదో నాకియ్యి, దాన్ని వదిలెయ్యి.

డాక్టరమ్మ బ్లెస్సీ పొట్ట నొక్కి చూసింది. ఎంత ఏడ్చినా వదలకుండా రక్తం తీయించింది. ఆ ఫలితం వచ్చాక నవ్వింది.

"పూరీలు తింటూ రెండు కిలోలు పెరిగిందమ్మా మీ పాప. గోధుమ మానేస్తే ఈ పరీక్షలో రోగం కనిపించదు. దొంగతనంగా తిన్నది కాబట్టే సరిగ్గా తేలింది. ఏ రోగమూ లేదు."

"మరి ఆ జన్యువు రిపోర్టు, మేడం?"

"అది చాలామందికి ఉంటుంది. అందరికీ రోగం రాదు. దానికి తోడు కడుపుబ్బరం, నోట్లో మానని పుండ్లు, ఎన్ని మాత్రలు మింగినా రక్తం పట్టకపోవడం, ఇట్లాంటివి ఉంటేనే ఆలోచించాలి. పాపకు ఇవేమైనా ఉన్నాయా?"

"పాపకు... లేవు మేడం," అంది సవరమ్మ. బుగ్గ లోపలి పుండుకు నాలుక తగిలి చురుక్కుమంది.

బస్టాండులో బ్లెస్సీ పట్టుబట్టి బిస్కెట్ల ప్యాకెట్టు కొనిపించుకుంది. ఒకటి సగం కొరికి, మిగతా సగం ఎప్పటిలా అమ్మ నోటికి అందించింది.

సవరమ్మ నోరు తెరవలేదు.

ఆ రోజు బయట హారన్ మోగుతుంటే, పళ్లు బిగబట్టిన బ్లెస్సీ ముందు కూర్చుని, నా కడుపున పుట్టిందే కదా, ఏ నోరైతే ఏంది అనుకుని, దూదిపుల్లను ఆమె రుద్దుకున్నది తన బుగ్గకే.