ఆరున్నొకటి

“నలభై రెండు పండ్లు ఆరుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?”

కృష్ణమోహన్ సారు అడిగి, కళ్లజోడు పైనుంచి చూశాడు. అమూల్య నోరు విప్పలేదు.

పెనుకొండలోని ఆ హాల్లో హిందూపురం, ధర్మవరం, పెనుకొండ లాంటి ఊర్ల కాలేజీల నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలు కూర్చున్నారు. ఊర్లు వేరైనా అందరిదీ ఒకటే జబ్బు. లెక్కలంటే జడుపు. అలాంటివాళ్ల కోసమే ఒక ట్రస్టు బ్యాంకు పరీక్షలకు ఉచితంగా కోచింగ్ ఇస్తానంది. సీట్లు ఐదే. కాగితం, పెన్ను, ఫోను ముట్టుకోకూడదు. అన్నీ నోటిలెక్కలే. అడిగే సారు ధర్మవరం మనిషి, గుచ్చి గుచ్చి అడుగుతాడని పేరు.

అమూల్యకు ఆ సీటు కావాలి. రాకపోతే డిగ్రీ అయిపోగానే తమ గింజల అంగట్లో కూర్చోమన్నాడు నాయన. “లెక్కలు రానిదానికి బ్యాంకు ఉద్యోగమెందుకు?” అన్నాడు. అంగట్లో కూర్చోడానికి లెక్కలు అక్కర్లేదనుకున్నాడో ఏమో!

నిజానికి ఇంతవరకూ అడిగినవన్నీ టకటకా చెప్పింది. సగంలో సగం పావు అంది. ఇరవై శాతమంటే ఐదో భాగం అంది. మొన్న మొన్నటిదాకా భిన్నం అన్న మాట వింటేనే అరచేతులు చెమటలు పట్టేవి. కాలేజీలో జయశ్రీ మేడమ్ ఆ జడుపు వదలగొట్టింది. “తప్పు చెప్పండి, పర్లేదు. గొణక్కండి,” అనేది ఆమె. తప్పైనా సరే, గట్టిగా చెప్పినవాళ్లకు క్లాసంతా చప్పట్లు కొట్టాల్సిందే. ఆ మేడమే ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుని చీర కొంగు నలుపుకుంటోంది.

“ఏమ్మా, రాదా?” అన్నాడు సారు.

“వస్తాది సార్.”

“వస్తే చెప్పు. పొద్దు పోతాండాది.”

అమూల్య హాలంతా వినబడేటట్టు చెప్పింది.

“ఆరున్నొకటి సార్!”

పిల్లలు గొల్లుమన్నారు. ముందు వరుసలో ఉన్న పెనుకొండ అభిషేక్ అయితే, “ఆ ఒక్క పండు యాడ మిగిలిందప్పా?” అని పక్కవాణ్ణి అడిగాడు.

సారు నవ్వలేదు. “ఆరు, శేషం ఒకటా? ఆరారు ముప్పై ఆరు. ఇంకా ఆరు మిగుల్తాయి కదమ్మా?”

“శేషం ఏమీ లేదు సార్. ఆరూ, ఇంకొకటీ. ఒక్కొక్కరికి మొత్తం ఆరున్నొకటి.”

“లోకంలో దానికో పేరుండాది. తెలుసా?”

“తెలుసు సార్. ఆ మాట మా అంగట్లో అనం. గింజలు కొలిచేకాడ మా అవ్వ అస్సలు అననీదు.”

ఏడు అంటే అంకె ఒక్కటే కాదు, ఏడవమని చెప్పడం కూడా. అందుకే ఈ వైపు ఊర్లలో గింజలు కొలిచేవాళ్లు ఆరు తర్వాత ఆరున్నొకటి అని, ఎనిమిదికి పోతారు. మొదటి శేరును ఒకటి అని కూడా అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు... అమూల్య అంకెలు నేర్చుకున్నది అవ్వ కుళ్ళాయమ్మ పక్కన, రాగుల కుప్ప దగ్గర. కాలేజీ చదువు ఎంత ఎక్కినా, మంచి పని మీద పోయినప్పుడు ఆ ఒక్క మాట నోటికి రాదు.

“రేపు బ్యాంకులో కౌంటరు కాడ కూర్చుని గూడా ఇట్లే అంటావా?”

“ఆడ ఏమనాల్నో అదే అంటా సార్. ఈడ మాత్రం అనను.”

“ఈడేమి ప్రత్యేకం?”

“ఈడికి సీటు తీసుకుని పోదామని వచ్చినా సార్. కన్నీళ్లు పెట్టుకుని పోదామని రాలేదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు మొహం చూస్తే ఏమీ తెలియలేదు. చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుని, “సరే, పోయి కూర్చో,” అన్నాడు.

“అన్నీ వచ్చి, ఒక్క మాట కాడ పోగొట్టుకున్నావు కదే తల్లీ!” అంది జయశ్రీ మేడమ్, పక్కన చోటిస్తూ.

“గట్టిగానే చెప్పినా కదా మేడమ్. గొణగొద్దని మీరే కదా అంటిరి.”

మేడమ్ అమూల్య చెయ్యి పట్టుకుని కూర్చుంది.

అందరివీ అయ్యాక సారు లేచాడు. “సీటు వచ్చినోళ్ల పేర్లు కింది నుంచి చదువుతా. ఐదు, నిర్మల, బత్తలపల్లి. నాలుగు, అరుణ్, ధర్మవరం. మూడు, సంతోష్, బుక్కపట్నం.”

ఒక్కో పేరుకూ చప్పట్లు. ఒక్కో పేరుకూ అమూల్య ఒక్కో వేలు మడిచింది.

“రెండు, అభిషేక్, పెనుకొండ.”

అభిషేక్ ఎగిరి గంతేశాడు. తనను చూసి నవ్వినవాడే రెండోవాడైతే, ఇక మొదటి చోటు తనకెక్కడిది? అమూల్యకు కళ్లు మండాయి. రెప్ప వేస్తే నీళ్లు జారేటట్టున్నాయి. ఇప్పుడు ఏడిస్తే, తాను పలకని ఆ మాటే గెలిచినట్టు. ఆమె కళ్లు పెద్దవి చేసి, నిటారుగా కూర్చుంది.

సారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన పేరుకు కాగితంతో పని లేదన్నట్టు, కళ్లజోడు తీసి తిన్నగా వెనక బెంచీ వైపు చూశాడు.

“లాభం, అమూల్య, హిందూపురం!”