తొట్టిలో తెల్ల మూట

ఎవరో మనిషి బోరు తొట్టిలోకి ఏదో జారవిడుస్తున్నాడు.

విత్తన పత్తి చేలో ఆడపూలకు మగపువ్వు పుప్పొడి అద్ది క్రాసింగ్ చేస్తున్న వసంత చేతిలోంచి మగపువ్వు జారిపడింది.

నలుగురిలో నోరు విప్పని పిల్ల. ఆ రోజు మాత్రం గొంతు చించుకుంది.

"ఓ నాయినా! తొట్టిల మందు కలుపుతుండు, ఉరికి రా!"

మందు పంపు కడగడానికి అటే వస్తున్న ఆమె నాయిన ఈరన్న, పంపును తొట్టి గట్టు మీద పడేసి ఆ మనిషి గల్లా పట్టాడు. కూలీలు మూగారు.

అరవై ఏళ్ల మనిషి. ఆయన చేతిలో దారం, దాని కొసన నీళ్లలో తెల్లగుడ్డ మూట.

"సూడు, చొక్కా జూస్తే సారు లెక్క, పని జూస్తే దొంగ లెక్క!" అంది కూలీల్లోంచి పెంటమ్మ.

"కలపడం లేదమ్మా, తీస్తున్నాను. నీళ్లలో పురుగుమందును పట్టే గింజలివి. తడి మట్టిలో ఎద్దు కాలు దిగితే అదే ఆకారంలో గుంట పడుతుంది కదా? ఈ గింజల్లో ఆ మందు అణువు ఆకారానికే గుంటలుంటాయి. అదొక్కటే వచ్చి ఇరుక్కుంటుంది."

"కతలు జెప్పకు! మా నీళ్లల్లకు మందు ఏడికెల్లొస్తదిరా?" అన్నాడు ఈరన్న.

గట్టు మీద ఒరిగిన పంపులోంచి తెల్లటి నీళ్లు తొట్టిలోకి కారుతున్నాయి. ఎవరూ అటు చూడలేదు.

రెండు దెబ్బలు పడ్డాయి. గట్టున మంట వేసి మూటను అందులో పడేశారు.

ఆయన చొక్కా సర్దుకుని వసంత వైపు తిరిగాడు.

"మీ అమ్మకు ఈ నీళ్లు తాగించకు తల్లీ."

వసంత ఉలిక్కిపడింది. అమ్మకు పది రోజులుగా కళ్లు తిరుగుతున్నాయి. ఈయనకెలా తెలుసు?

ఆ మాట ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. తొట్టి నీళ్ల బిందె ఎత్తేది, దించేది. నాయినతో చెప్పబోయేది, మాట మింగేసేది.

"ఏందే, కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అని అమ్మ నవ్వింది. ఆ బిందెలోవే గటగటా తాగింది.

నాలుగో రోజు వసంత అమ్మ ఇందిరమ్మ చేలోనే పడిపోయింది. నోట నురగ.

ఆటోలో గద్వాల దవాఖానకు తెచ్చారు. లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు.

చాలాసేపటికి డాక్టర్ రాఘవేందర్ బయటికొచ్చాడు.

"ఒంట్ల పురుగుమందు చేరింది. రెండు రోజులు గడిస్తే గాని ఏం చెప్పలేను. పోయినసారి వచ్చినప్పుడే నాకు మీ నీళ్ల మీద అనుమానమొచ్చింది. ఒక పెద్దసారును పంపిన. రాలేదా?"

ఈరన్న తల దించుకున్నాడు.

"వచ్చిండు సార్," అంది వసంత. "నేనే ఒర్లి అందర్ని పిలిచిన. మావోళ్లు కొట్టిండ్రు. మూట కాలబెట్టిండ్రు."

డాక్టర్ మూసిన తలుపు వైపు చూశాడు.

"ఆ ఒక్క మూటే ఉండె. మల్ల చెయ్యాలంటే నెలలు వడతది."

"కాళ్లు మొక్కుతం సార్, జర పిలువుండ్రి," అన్నాడు ఈరన్న. "ఏ ఆఫీసరు ఆయన?"

"ఆఫీసరు కాదు ఈరన్నా. మీరు చేనుకు కొట్టే ఆ మందును మొట్టమొదట తయారు చేసినాయనే."