వంటింటి కేక లేని క్యాసెట్టు

పదకొండో క్యాసెట్టులోనూ ఎవరి అమ్మో కేక వేసింది.

"ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది!"

సరిగ్గా కథానాయకుడు కొండ అంచున నిలబడి ఆఖరి మాట చెప్పే చోట.

శబ్దం సరిచేసే హోరి చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసేసింది. "ఆ సాయంత్రం జపాన్‌లో తల్లులందరూ కూడబలుక్కున్నట్టున్నారండీ."

కంపెనీ యజమాని కుజే నవ్వలేదు. గడియారం చూశాడు. పొద్దున్న పదకొండయింది. సాయంత్రం ఐదింటికి డిస్కుల ఫ్యాక్టరీ మనిషి వచ్చేస్తాడు.

'మేఘఖడ్గం' ఇరవై తొమ్మిదేళ్ల కిందట ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి టీవీలో వచ్చిన కత్తియుద్ధాల బొమ్మల కథ. ఇన్నాళ్లకు డీవీడీలుగా ఇళ్లకు వెళ్లబోతోంది. ఇరవై ఐదు భాగాలు సిద్ధంగా ఉన్నాయి. ఆఖరి భాగానికి బొమ్మ చక్కగా ఉంది కానీ, శబ్దం రీలు గోదాములో పాడైపోయింది.

ముగింపులో మాట వినిపించని కథను ఎవరు కొంటారు? ఈ సరుకు దెబ్బతింటే కుజే చిన్న కంపెనీకి ఇంకో సరుకు ఉండదు.

ఇళ్లలో వీడియోలు లేని ఆ రోజుల్లో పిల్లలు టేప్ రికార్డరు టీవీ ముందు పెట్టి, ఇంట్లో అందరినీ నోరు మూసుకోమని చెప్పి, మాటలు పట్టుకునేవారు. అలాంటి క్యాసెట్లుంటే పంపమని కుజే పత్రికలో ప్రకటన ఇచ్చాడు. పదకొండు వచ్చాయి. పిల్లలు తమ్ముళ్ల నోరు మూయించగలిగారు గానీ అమ్మల నోరు మూయించలేకపోయారు.

పన్నెండోది పట్టుకుని ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది.

"ప్రకటన చూశాను," అంది. ఒక్కో అక్షరం విడివిడిగా పలికింది. ఏ ఉత్తరాది యాసో అనుకున్నాడు కుజే.

"కాస్త మాస్కు దించుతారా?" అని ఆవిడే అడిగింది.

"జలుబమ్మా. మీకూ అంటుకుంటుంది." కుజే తన మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

క్యాసెట్టు పెట్టాడు. మధ్యలోంచి ఒక నిమిషం విన్నాడు. కేక లేదు, దగ్గు లేదు, కుక్క లేదు.

కుజే యంత్రం మీదికి వంగాడు. అతని అనుభవంలో మచ్చలేని పాత సరుకు రెండే రకాలు. ఒకటి నకిలీ, రెండోది దొంగది. పొరపాటున దాన్ని వాడితే ఉన్న పరువూ పోతుంది.

"ఎక్కడిదిది?" యంత్రం మీదికి వంగే అడిగాడు.

ఆవిడ కూడా యంత్రం వైపు వంగింది.

"మిమ్మల్నేనమ్మా. ఏ స్టూడియోలోంచి తెచ్చారు?"

ఆవిడ తిరుగుతున్న చక్రాలనే చూస్తోంది. తల ఎత్తి తనే అడిగింది.

"డిస్కులో అక్షరాలు వేస్తారా? మాటలు, బొమ్మ కింద."

"మన భాష కథకి మనకి అక్షరాలెందుకు? దానికింకో వారం పడుతుంది." కుజే తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ మొహం చిన్నబోయింది. కాగితం మీద పేరు రాసింది, హైబారా అని. కింద ఫ్యాక్స్ నంబరు వేసింది.

"ఫోను నంబరు?" బల్ల మీది ఫోను చూపిస్తూ అడిగాడు కుజే.

ఆవిడ ఫ్యాక్స్ నంబరే వేలితో చూపించి, నడుము వంచి నమస్కరించి, క్యాసెట్టు అక్కడే వదిలి బయల్దేరింది.

కుజే మెట్ల దాకా వచ్చాడు. "ఏమండీ! దొంగ సరుకు మాకొద్దు, తీసుకెళ్లండి!"

ఆవిడ వెనక్కి తిరగలేదు.

"చూశావా హోరీ? తిరిగి చూడ్డానికి మొహం చెల్లలేదు."

మూడింటి దాకా పదకొండు క్యాసెట్లూ ముక్కలు కోసి అతికారు. ఏ ముక్కలో చూసినా అన్నం చల్లారుతూనే ఉంది.

"ఆ పన్నెండోది ఇటివ్వండి," అంది హోరి.

"దొంగదని చెప్పానా?"

"నా చెవులనూ చెప్పనివ్వండి."

మొదటి నుంచి విన్నది. కథ మొదలవక ముందు, పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తోంది. వేస్తూనే ఉంది. పక్కనే ఎవరిదో ఊపిరి వినబడుతోంది. నీళ్లన్నీ ఇగిరిపోయాయేమో, కథ మొదలయ్యేసరికి ఈల ఆగింది.

"స్టూడియోలో కెటిల్ ఈల వేయదండీ. ఇది ఇంట్లో పట్టిందే. ఆవిడ యంత్రం పక్కనే కూర్చుంది, అయినా లేచి దించలేదు. ఎంత శ్రద్ధో!"

కుజే తల వంచుకున్నాడు. నాలుగున్నరకు శబ్దం బొమ్మకు అతికింది. కొండ అంచున ఆఖరి మాట గాజుగిన్నెలా మోగింది. ఐదింటికి ఫ్యాక్టరీ మనిషి పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు కుజే ఫ్యాక్స్ రాశాడు. 'పొద్దున అన్న మాటకు క్షమించండి. మీ క్యాసెట్టే మా కథను నిలబెట్టింది. డిస్కుల పెట్టె మొదట మీకే పంపుతాను. ఇంతకీ అంత శుభ్రంగా ఎలా పట్టారు?'

పావుగంటలో యంత్రం కదిలింది. గుండ్రటి చేతిరాత కాగితం మీద మెల్లగా బయటికొచ్చింది.

'పొద్దున మీరేమన్నారో నాకు తెలియదు, క్షమాపణ వద్దు. ఆ ఏడాది మా అబ్బాయి ఆసుపత్రిలో ఉన్నాడు, గదిలో టీవీ లేదు. వాడి కోసం, శబ్దం పడుతోందని చూపే రికార్డరు సూది కదులుతోందో లేదో చూసుకుంటూ పట్టాను. ఆఖరి మాట విని వాడు నవ్వాడు. ఏమన్నాడురా అని అడిగితే, ఇంటికొచ్చాక చెబుతానన్నాడు. వాడు ఇంటికి రాలేదు. డిస్కులో అక్షరాలుంటే ఆ మాటేదో చదువుకుందామనుకున్నాను, బాబూ. నాకు పుట్టుకతోనే చెవులు వినబడవు.'