నడుస్తున్న కన్నం

ఆ పొద్దున ఆకాశం కొండ దిగి వచ్చి గొర్రెల వీపుల మీద కూర్చుంది. మంచు పడేలా ఉంది. ఎనాక్ కోటులోంచి, కుందేళ్ళ వేటకి అతను పెంచిన తెల్ల ఫెర్రెట్ టిబ్బీ ముంగిసలాంటి మూతి బయటపెట్టి తుమ్మింది.

“టిబ్బీ ముసలిదైపోయిందే. ఈ చలికి పెరట్లో గూట్లో ఉంటే బతకదు,” అన్నాడు గుమ్మం బయటే నిలబడి.

“వేట జంతువు నా గడప తొక్కదని పెళ్ళినాడే చెప్పా,” అంది ఎడిత్. ఇంకోసారి తుమ్ము వినబడింది. “సరే. ఇంట్లో కన్నాలన్నీ పూడ్చు. గోడలో దూరి చచ్చిందంటే ఆ కంపు ఎవరు భరిస్తారు? సాయంత్రం తిండివేళకి ఒక్కటి మిగిలినా అది మళ్ళీ గూట్లోకే.”

ఎనాక్ బోసినోటితో నవ్వాడు. సారాకొట్టు నుంచి వస్తూ పళ్ళసెట్టు ఏ కాలవలోనో దగ్గి పడేశాడని ఎడిత్ ఎప్పుడో తేల్చేసింది. అప్పట్నుంచి అతనికి చారూ, మెదిపిన ఆలుగడ్డలే.

“కన్నాల సంగతి నాకా చెప్తావు? కుందేలు బొరియని దూరం నుంచి చూసి చెప్తా. సాలెగూడుంటే పాడుబడ్డది. రాకపోకలకి అంచు నున్నబడితే నడుస్తున్నది.”

“ఆ గొప్పలు సారాకొట్టులో చెప్పుకో. ముందు పొయ్యి వెనకాల చూడు.”

పొయ్యి వెనకాల, తొట్టి గొట్టం చుట్టూ, కిటికీ కింద సిమెంటు మెత్తాడు. చలిగాలి వస్తోంది పూడ్చవయ్యా అని ఎడిత్ ఏళ్ళ తరబడి మొత్తుకున్న కన్నాలే అవన్నీ. మెట్ల కింద మాత్రం ఆగాడు.

“ఏమే, ఎలుకలు! అంచు ఎంత నున్నబడిందో చూడు!”

“అది వదిలెయ్,” అంది ఎడిత్ గబుక్కున.

“ఒక్కటి మిగిలినా గూట్లోకే అన్నావుగా?”

ఎడిత్ కుండ వైపు తిరిగిపోయింది. ఎనాక్ లోపలికి తొంగి చూడకుండానే పూడ్చేశాడు.

చీకటిపడే వేళ టిబ్బీని నేల మీద వదిలాడు. కొత్త చోట ఫెర్రెట్ గోడ వెంబడే పాకి మూలమూలా వాసన చూస్తుంది. ఇది తిన్నగా మెట్ల కిందికి పోయి పచ్చి సిమెంటును గోకింది.

“ఎలుకను పసిగట్టింది! ముసలిదైనా పనిమంతురాలే!”

మురిసిపోతూ సిమెంటు పెకలించి, మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. ముందు ఎర్ర ఊలు పక్కగుడ్డ వచ్చింది. ఎడిత్ అల్లిక. నిండా తెల్లటి వెంట్రుకలు. తర్వాత టిబ్బీ ఎత్తుకెళ్ళి దాచుకున్న తన మేజోడు, పోయిందనుకున్న పొగాకు గొట్టం. ఆఖరున వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. తీసి చూసి, పిడికిలి మూశాడు.

కన్నాల పండితుడు మోకాళ్ళ మీదే ఎడిత్ వైపు తిరిగాడు. నడుస్తున్న కన్నమని చదివాడు గానీ, ఎవరు నడిచారో చదవలేదు.

“ఏమే, ఇది ఎప్పట్నుంచీ...”

“కూర చల్లారుతోంది,” అంది ఎడిత్.

పిడికిట్లోది కుళాయి కింద కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. టిబ్బీ అప్పటికే ఎడిత్ ఒడిలో చుట్ట చుట్టుకుని ఉంది. ఎడిత్ దానికో ముక్క అందించి, ఎనాక్ ముందు చారుగిన్నె తీసేసి మేకమాంసం పళ్ళెం పెట్టింది.

ఎనాక్ తన పళ్ళతోనే నమిలి తిన్నాడు.