ఆగిపోయిన వాక్యం

వాక్యం మధ్యలో అన్నయ్య గొంతు మళ్లీ ఆగిపోయింది.

అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. అర నిమిషం తర్వాత ఆ గొంతు ఆగిన మాట దగ్గరే అందుకుంది.

"ఊపిరి తీసుకుంటున్నాడే," అంది అమ్మ.

చెల్లెలు స్పీకరు వైపు చూసింది. అన్నయ్య పోయి ఏడాది దాటింది.

అమ్మకు చూపు పోయాక, పొరుగూళ్లో ఉద్యోగం చేసే అన్నయ్య వారం వారం ఒక కథ చదివి, రికార్డు చేసి పంపేవాడు. అవన్నీ దాచడానికి ఇంట్లోనే చిన్న సర్వర్ పెట్టాడు. బీరువా పక్కన నల్లటి పెట్టె.

చివరి ఆర్నెల్లు గొంతు కాస్త బొంగురుపోయింది. జలుబన్నాడు, సెలవు దొరకలేదని ఇంటికీ రాలేదు. జలుబు కాదని, గొంతులో పుండని ఆస్పత్రి నుంచి కబురొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడా పెట్టెది రోజూ ఒకటే ఫిర్యాదు: డిస్క్ జవాబివ్వడం లేదు.

రిపేరు షాపుకి ఫోన్ చేస్తే ఒక నడివయసు మెకానిక్‌ని పంపారు. అడిగినదానికి తలూపడమే గానీ నోరు విప్పలేదు. చెప్పాల్సింది సెల్‌ఫోన్‌లో టైపు చేసి చూపించాడు. మూగవాడు కాబోలు అనుకుంది చెల్లెలు.

అతను కేబుల్ మార్చాడు. కరెంటు వైరు మార్చాడు. డిస్కుని పక్క అరలోకి మార్చి చూశాడు. లోపం దాని వెంటే వెళ్లింది. చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమంది చెల్లెలు.

'ఈసారి ఆపితే ఇక లేవకపోవచ్చు' అని టైపు చేశాడు.

చదవగలిగినవన్నీ ముందు కొత్త డిస్కులోకి ఎక్కించాడు. మొరాయించిన ముక్కల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాడు, మొండి పిల్లాడికి అన్నం తినిపిస్తున్నట్టు.

రెండో రోజు మధ్యాహ్నం చూస్తే పెట్టె దగ్గర లేడు. అమ్మ కథ వింటున్న గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెల్లెలికి చిర్రెత్తుకొచ్చింది.

"మాట రాని మనిషిని పంపారు, సరే. కనీసం పనన్నా చెయ్యండి."

అతను తల దించుకుని వెళ్లి పెట్టె ముందు కూర్చున్నాడు.

మూడో రోజు పని పూర్తి చేసి వెళ్లిపోతుంటే అమ్మ పిలిచింది.

"బాబూ, నీ పుణ్యమా అని నా కొడుకు నాకు దక్కాడు. ఏదీ, ఒక్కసారి నీ పేరు చెప్పు... అయ్యో, నీకు మాట రాదటగా."

అతని పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు. గబగబా చెప్పుల్లో కాళ్లు దూర్చి వెళ్లిపోయాడు.

వారం తిరిగినా కథ ఎక్కడా ఆగలేదు. తను అన్న మాట చెల్లెల్ని గుచ్చుతూనే ఉంది. షాపుకి ఫోన్ చేసి, ఆ మాట రాని మనిషికి ఒక మాట చెప్పాలంది.

"మాట రాకపోవడమేంటమ్మా? అతనుంటే మా షాపులో రేడియో అక్కర్లేదు," అన్నాడు యజమాని.

వాళ్లింటికి తనే వెళ్తానని అతను పట్టుబట్టాడని చెప్పాడు. పొరుగూళ్లో ఒకే గదిలో ఉండే స్నేహితుడు పోయాక ఇక్కడికొచ్చి పనిలో చేరాడట. నిన్ననే మానేశాడట. ఎక్కడికి వెళ్లాడో తెలియదట.

ఆమె ఫోన్ పెట్టేసి అమ్మ గదిలోకి వెళ్లింది. వచ్చిన రోజు నుంచీ సగంలోనే ఆగిపోయే ఒక కథ, మొదటిసారి చివరిదాకా వచ్చింది.

కథ అయిపోయింది. రికార్డు మాత్రం ఆగలేదు. అదే గొంతు, కాస్త దూరం నుంచి, ఎవరినో అడిగింది.

"చూడన్నా, నీలాగే చదివానా? అమ్మకి అనుమానం రాదుగా?"

జవాబుగా కాగితం మీద పెన్సిలు గీసుకుంటున్న చప్పుడు.

అమ్మ చెయ్యి గాల్లో తడుముతూ కూతురి చెయ్యి పట్టుకుంది.

అన్నయ్య గొంతు పడిపోయాక ఆర్నెల్ల పాటు అమ్మకు కథలు చదివింది, ఈ ఇంట్లో మూడు రోజులూ నోరు విప్పని ఆ మెకానిక్కే.